పెట్టె మీద 6000.. సిస్టమ్‌లో 4800!

కొత్త సిస్టమ్ ఇంటికొచ్చింది. ఫ్యాన్లు రంగులు మారుస్తూ తిరుగుతున్నాయి, విండోస్ ఎక్కింది, ఆట ఒకటి డౌన్‌లోడ్ అవుతోంది. ఈలోగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే స్పీడ్ అన్న చోట 4800 కనబడుతుంది. ర్యామ్ పెట్టె మీదేమో 6000 అని పెద్ద అంకెల్లో ఉంది. షాపులో మోసపోయామా, నకిలీ సరుకు అంటగట్టారా అన్న అనుమానం వెంటనే పుట్టుకొస్తుంది. చాలాసార్లు సరుకు అసలైనదే అయి ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న ఆ వేగాన్ని బయోస్‌లోకి వెళ్లి ఎవరూ ఆన్ చేయలేదు, అంతే.

ఈ తికమక అమెరికాలో కోర్టుకు కూడా ఎక్కింది. డీడీఆర్4లో 2133, డీడీఆర్5లో 4800 దాటిన వేగాలను పెట్టెల మీద అచ్చేసి అమ్మారని, సెట్టింగులు మారిస్తే తప్ప ఆ వేగం రాదన్న సంగతి కొనేవాళ్లకు తెలియజెప్పలేదని కోర్సెయిర్ సంస్థ మీద వినియోగదారులు దావా వేశారు. సంస్థ తప్పు ఒప్పుకోలేదు గానీ, 2025లో 55 లక్షల డాలర్లతో రాజీకి వచ్చింది. పెట్టె మీది అంకె షరతులున్న హామీ. ప్రాసెసర్ ఏది, మదర్‌బోర్డ్ ఏది, స్టిక్‌లు ఎన్ని, బయోస్‌లో ఏం పెట్టారు అన్నవే ఆ షరతులు. వాటిని డబ్బు కట్టకముందే చూసుకోవడం కొనేవాళ్ల చేతిలో పని.

పైగా ఇప్పుడు ర్యామ్ చవక సరుకు కాదు. ప్రపంచంలో డీర్యామ్ చిప్పుల్లో సింహభాగం తయారుచేసేవి శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు సంస్థలే. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వైపు వాటి ఉత్పత్తి మళ్లడంతో 2025 చివరి నెలల్లో ధరలు ఒక్కసారిగా ఎగబాకాయి. మన హైదరాబాద్‌లోనూ ఇంజినీరింగ్ కేంద్రం నడుపుతున్న మైక్రాన్, ఇళ్లలో సిస్టమ్‌లు కట్టుకునేవాళ్లకు దశాబ్దాలుగా తెలిసిన క్రూషియల్ బ్రాండ్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ఆ డిసెంబర్‌లోనే ప్రకటించింది. బడ్జెట్‌లో ర్యామ్ వాటా ఇంతగా పెరిగినప్పుడు, వాడుకోలేని వేగానికి వెయ్యి రూపాయలు అదనంగా కట్టినా అది వృథాయే.

ఆ అంకెలో ఏముంది?

డీడీఆర్5-6000 అంటే సెకనుకు 600 కోట్ల సార్లు డేటా చేతులు మారగలదని అర్థం. ఒక్కో విడతకు 8 బైట్లు. ఆ లెక్కన ఒక ఛానల్ (ర్యామ్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య ఒక దారి) సెకనుకు 48 గిగాబైట్లు మోస్తుంది, రెండు ఛానళ్లు కలిస్తే 96. డీడీఆర్4-3200కి ఇదే లెక్క వేస్తే ఛానల్‌కు 25.6, జంటకు 51.2 గిగాబైట్లు వస్తుంది. ఒకే స్టిక్‌తో, అంటే ఒకే ఛానల్‌తో, సిస్టమ్ నడిపేవాళ్లు ఈ సామర్థ్యంలో సగాన్ని ముందే వదులుకున్నట్టు. 32 జీబీ కావాలంటే ఒక 32 స్టిక్ కన్నా రెండు 16 స్టిక్‌లు మేలనడానికి కారణం ఇదే.

ఇక్కడో చిన్న చిక్కుంది. షాపుల్లో, పాత పెట్టెల మీద 6000 మెగాహెర్ట్జ్ అనడం అలవాటు. అసలు గడియారం నడిచేది 3000 మెగాహెర్ట్జ్ దగ్గరే. ఒక్కో టిక్కుకు రెండుసార్లు డేటా పంపడం డీడీఆర్ పద్ధతి కాబట్టి 6000 అవుతుంది. అందుకే సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 3000 కనబడితే కంగారు పడనక్కర్లేదు. దాన్ని రెండుతో గుణించుకుంటే చాలు. కొత్త విండోస్ 11 టాస్క్ మేనేజర్ అయితే మెగాహెర్ట్జ్ మానేసి ఎంటీ/ఎస్ (సెకనుకు మెగాట్రాన్స్‌ఫర్లు) అనే సరైన కొలతలోనే చూపిస్తోంది.

మరి కొత్త సిస్టమ్ 4800 దగ్గర ఎందుకు ఆగిపోయింది? ప్రతి స్టిక్ మీదా ఎస్‌పీడీ అనే చిన్న చిప్ ఉంటుంది. స్టిక్ ఎంత వేగంతో, ఎంత వోల్టేజీతో నడవాలో అందులో రాసి ఉంటుంది. మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ఒప్పుకున్న వేగాలు అందులో ఒక భాగం. డీడీఆర్5 ప్రమాణాన్ని జెడెక్ విడుదల చేసింది 2020 జూలైలో. తొలి తరం స్టిక్‌లు 4800తో, 1.1 వోల్టుతో మొదలయ్యాయి. తయారీదారు తన పూచీ మీద రాసిన అంతకు మించిన వేగం ఇంకో భాగం. దీన్నే ఇంటెల్ పద్ధతిలో ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ అంటారు. అది 2007లో డీడీఆర్3తో పాటు వచ్చింది. ఏఎండీ 2022లో రైజెన్ 7000తో పాటు ఎక్స్‌పో అని తన పద్ధతి తెచ్చింది. మదర్‌బోర్డ్ మొదటిసారి లేచినప్పుడు క్షేమంగా ఉండేందుకు జెడెక్ వేగాన్నే ఎంచుకుంటుంది. 6000 కావాలంటే బయోస్‌లో ప్రొఫైల్‌ని మనమే ఆన్ చేయాలి. చాలా 6000 స్టిక్‌లకు అప్పుడు వోల్టేజీ కూడా 1.35కి పెరుగుతుంది. ఇంటెల్, ఏఎండీ రెండూ దీన్ని ఓవర్‌క్లాకింగ్ కిందే లెక్కిస్తాయన్నది కూడా తెలిసుండాలి.

చివరి మాట ప్రాసెసర్‌దే

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, తెలుగువాళ్లు సిస్టమ్ అసెంబుల్ చేయించుకోవడానికి వెళ్లే పాత అడ్డా. అలాంటి మార్కెట్లో కౌంటర్ ముందు నిలబడి “అన్నా, ఎక్కువ స్పీడుది పెట్టు” అనడం తేలిక. అడగాల్సింది వేరే ఉంది: ఈ ప్రాసెసర్‌కి, ఈ బోర్డులో, ఇన్ని స్టిక్‌లతో ఎంత నడుస్తుంది?

ఎందుకంటే ర్యామ్‌తో మాట్లాడే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్ లోపలే ఉంటుంది. అది ఎంత వేగానికి పూచీ ఇస్తుందో ఇంటెల్, ఏఎండీ వెబ్‌సైట్లలో ప్రతి మోడల్‌కూ రాసి ఉంటుంది. ఒకే తరంలోనూ తేడాలుంటాయి. ఇంటెల్ కోర్ ఐ5-14600కేకి డీడీఆర్5-5600 దాకా అధికారిక పూచీ ఉంటే, అదే తరం పేరుతో అమ్మే ఐ5-14400కి 4800 దాకానే. రైజెన్ 7000 వరసకు 5200, రైజెన్ 9000కి 5600. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200ఎస్ వరస 6400 దాకా వెళ్తుంది గానీ, దానికి గడియారపు చిప్ స్టిక్ మీదే ఉండే సీయూడిమ్ అనే కొత్త రకం కావాలి. మామూలు స్టిక్‌లతో అదీ 5600కే పరిమితం.

పూచీ ఇచ్చిన వేగం దాటి నడవదని కాదు, సాధారణంగా నడుస్తుంది. ఎంతవరకు దాటడం లాభమన్నదే అసలు విషయం. రైజెన్ 7000 విడుదలైనప్పుడు 6000 దగ్గర ధర, వేగం బాగా కుదురుతాయని ఏఎండీయే చెప్పింది. 6000 స్టిక్ గడియారం 3000 దగ్గర నడుస్తుంటే, ప్రాసెసర్‌లోని కంట్రోలర్ కూడా అదే 3000 దగ్గర సమానంగా నడవగలదు. ఇంకా పైకి వెళ్తే ఒక దశలో కంట్రోలర్ అందుకోలేక సగం వేగానికి దిగిపోతుంది. ఆ సర్దుబాటులో పోయిన కాలం వల్ల, ఎక్కువ ధర పెట్టి కొన్న 7200 స్టిక్ 6000 స్టిక్ కన్నా మెరుగ్గా ఏమీ ఉండకపోవచ్చు, కొన్ని పనుల్లో వెనకబడనూ వచ్చు. రైజెన్ మీద 7200 కొనమని సలహా ఇచ్చేవాళ్లను ఎందుకని నిలదీయాల్సిందే.

ఇంటెల్‌లోనూ ఇలాంటి ఏర్పాటుంది. 2021లో 11వ తరంతో గేర్ 1, గేర్ 2 అని బయోస్‌లో కనబడటం మొదలైంది. గేర్ 1లో కంట్రోలర్, ర్యామ్ సమానంగా నడుస్తాయి. గేర్ 2లో కంట్రోలర్ సగం వేగంతో నడుస్తుంది. డీడీఆర్5 బోర్డుల్లో గేర్ 2 మామూలే.

బోర్డు కొనేటప్పుడే కళ్లు తెరవాలి

ముందు స్టిక్ స్లాట్‌లో దూరాలి కదా. ఏఎండీ ఏఎం4 సాకెట్ అంటే డీడీఆర్4 మాత్రమే, ఏఎం5 అంటే డీడీఆర్5 మాత్రమే. గందరగోళమంతా ఇంటెల్ 12, 13, 14 తరాల ఎల్‌జీఏ1700 సాకెట్‌తోనే. ఆ ప్రాసెసర్లు రెండు రకాలనూ భరిస్తాయి, బోర్డు మాత్రం సాధారణంగా ఏదో ఒకదానికే. బోర్డు పేరు చివర డీ4 అనో డీడీఆర్4 అనో ఉందేమో చూడాలి. రెండు రకాలకూ పిన్నులు 288 చొప్పునే ఉన్నా మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. దూరకపోతే బలంగా నొక్కకూడదు, స్లాట్ విరుగుతుంది.

ఇక చిప్‌సెట్. 2020లో ఐ5-10400తో చాలామంది సిస్టమ్‌లు కట్టుకున్నారు. ఖర్చు తగ్గించుకుందామని హెచ్410, బీ460 బోర్డులు తీసుకుని, 3200 స్టిక్‌లు వేశారు. వాటిలో ఆ ప్రాసెసర్‌తో ర్యామ్ 2666 దాటదు. బయోస్‌లో ఎంత వెతికినా దారి లేదు, ఎందుకంటే ఇంటెల్ ఆ చిప్‌సెట్‌లలో మెమరీ ఓవర్‌క్లాకింగ్‌ని మూసేసింది. మరుసటి ఏడాది బీ560తో ఆ అడ్డు తీసేసింది గానీ, అట్టడుగు వరసలో అలాగే ఉంచింది. హెచ్610 బోర్డు మీద ఐ5-14400 పెట్టి 6000 స్టిక్ వేస్తే ఇప్పటికీ 4800 దగ్గరే నడుస్తుంది. బీ760కి ఈ ఇబ్బంది లేదు. ఏఎండీ వైపు ఏ620 లాంటి చవక చిప్‌సెట్ మీద కూడా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. ఈ విషయంలో ఏఎండీ తీరే కొనుగోలుదారుడికి న్యాయంగా ఉంది. రెండు మూడు వేలు మిగులుతాయని హెచ్610 బోర్డు తీసుకునేవాళ్లు, ఆ పక్కనే ఖరీదైన ర్యామ్ రాయించుకోకూడదు. ఏదో ఒకటే చేయాలి.

మదర్‌బోర్డ్ తయారీదారు వెబ్‌సైట్లో సపోర్ట్ పేజీకి వెళ్తే క్యూవీఎల్ అని ఒక జాబితా ఉంటుంది. ఆ బోర్డు మీద పరీక్షించి చూసిన స్టిక్‌ల పేర్లు, ఏ వేగంతో, ఎన్ని స్టిక్‌లతో నడిచాయో అందులో ఉంటాయి. జాబితాలో లేనంత మాత్రాన నడవదని కాదు, ఉన్నదాన్ని కొంటే చిక్కులు తగ్గుతాయి. కంపెనీ పేరు చూసి సరిపెట్టుకోకుండా పూర్తి పార్ట్ నంబర్ పోల్చుకోవాలి. అది చదవడం పెద్ద విద్యేమీ కాదు. కింగ్‌స్టన్ ఫ్యూరీ వరసలో కేఎఫ్560సీ36బీబీఈకే2-32 అనే నంబర్ తీసుకుంటే, మొదటి 5 డీడీఆర్5ని, తర్వాతి 60 అంకె 6000 వేగాన్ని, సీ36 లేటెన్సీని, “ఈ” (E) అక్షరం ఎక్స్‌పోని, చివరి కే2-32 రెండు స్టిక్‌లు కలిపి 32 జీబీ అన్న సంగతిని చెబుతాయి.

ఆ సీ36 చిన్న విషయం కాదు. అడిగిన డేటా మొదటి ముక్క అందడానికి ర్యామ్ తీసుకునే వ్యవధిని గడియారపు టిక్కుల్లో చెప్పే అంకెను సీఎల్ అంటారు. దాన్ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకన్లలో వస్తుంది. 6000 సీఎల్30 అయితే 10 నానోసెకన్లు, 6000 సీఎల్40 అయితే 13.3, 4800 సీఎల్40 అయితే 16.7. పాత డీడీఆర్4-3200 సీఎల్16 కూడా 10 నానోసెకన్లే! వేగం అంకె ఒక్కటే చూసి కొనేవాళ్లకు ఈ తేడా కనబడదు. 6000 సీఎల్30, సీఎల్36 మధ్య ధరలో తేడా కొద్దిపాటిదైతే మొదటిదే తీసుకోవాలి. మరీ ఎక్కువైతే రెండోదానితో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

నాలుగు స్లాట్లున్నాయని..

డీడీఆర్5లో జనాన్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఇది. రైజెన్ 5 7600తో రెండు 16 జీబీ స్టిక్‌లు వేసి 6000తో బాగానే నడుపుకుంటారు. ఏడాది పోయాక వీడియో ఎడిటింగ్‌కి చాలట్లేదని, స్లాట్లు ఖాళీగా ఉన్నాయి కదాని, ఇంకో రెండు వేస్తారు. సిస్టమ్ లేవదు. ప్రొఫైల్ తీసేస్తే లేస్తుంది, కానీ వేగం బాగా పడిపోతుంది. కారణం ఏఎండీ పత్రాల్లోనే ఉంది: రైజెన్ 7000కి రెండు స్టిక్‌లతో 5200 పూచీ, నాలుగు స్టిక్‌లతో 3600 మాత్రమే. సెకనుకు 96 గిగాబైట్లు మోసే సిస్టమ్ 57.6కి దిగిపోతుంది. ఒకే తీగల మీద రెండేసి స్టిక్‌లు వేలాడితే సిగ్నల్ చెదరడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. డీడీఆర్4 వేగాల్లో అంతగా బయటపడలేదు, డీడీఆర్5లో తప్పించుకోలేకపోతున్నారు. నాలుగింటితో 6000 సాధించినవాళ్లూ ఉన్నారు, కానీ దాని మీద ఆశ పెట్టుకుని డబ్బు ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు. ఎప్పటికైనా 64 జీబీ అవసరమనుకునేవాళ్లు మొదట్లోనే రెండు 32 జీబీ స్టిక్‌ల కిట్ కొనుక్కోవాలి.

అదే మోడల్‌ని విడివిడిగా రెండుసార్లు కొన్నా కిట్‌తో సమానం కాదు. ఒకే పార్ట్ నంబర్ వెనక కంపెనీలు కాలాన్నిబట్టి వేర్వేరు చిప్పులు వాడుతుంటాయి, ఒకసారి హైనిక్స్, ఇంకోసారి శామ్‌సంగ్. కోర్సెయిర్ స్టిక్‌ల లేబుల్ మీద వెర్షన్ నంబర్ అచ్చేసేది ఆ తేడా తెలియడానికే. వేగాలు వేరైన స్టిక్‌లు కలిపితే, జోడెడ్లలో ఒకటి మెల్లగా నడిస్తే బండి దాని నడకే నడిచినట్టు, అన్నీ తక్కువ వేగానికి దిగుతాయి.

రెండు స్టిక్‌లకైతే స్లాట్ల ఎంపిక ముఖ్యం. నాలుగు స్లాట్ల బోర్డులో చాలావరకు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడాలి. బోర్డు మీద ఏ2, బీ2 అని ఉంటుంది. పక్కపక్క స్లాట్లలో పెడితే రెండూ ఒకే ఛానల్‌లో పడి, కొన్న వేగంలో సగం పోతుంది.

మొదటిసారి ఆన్ చేశాక

డీడీఆర్5 సిస్టమ్ తొలిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా ఏఎం5 మీద, తెర కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌తో తన సమయాలు సరిచూసుకుంటున్న దశ అది. మెమరీ ట్రెయినింగ్ అంటారు. పాడైందనుకుని మధ్యలో కరెంటు తీసేస్తే మళ్లీ మొదటికొస్తుంది. కాస్త ఓపిక పడితే తెర వెలుగుతుంది.

ప్రొఫైల్ ఆన్ చేసేముందు బయోస్ అప్‌డేట్ చేసుకోవడం మంచిది. 2017 మార్చిలో తొలి రైజెన్ వచ్చినప్పుడు ఎన్నో స్టిక్‌లు పెట్టె మీది వేగంతో నడవలేదు. మే నెలాఖరులో ఏజీసా 1.0.0.6 అనే అప్‌డేట్ వచ్చాక పరిస్థితి చాలావరకు చక్కబడింది. స్టిక్‌లు అవే, ప్రాసెసర్ అదే, మారింది సాఫ్ట్‌వేర్. 2023 ఏప్రిల్‌లో ఇంకా తీవ్రమైన సంగతి బయటపడింది. కొన్ని రైజెన్ 7000 ప్రాసెసర్లు, ముఖ్యంగా ఎక్స్‌3డీ రకాలు, కాలిపోయిన ఫొటోలు వచ్చాయి. మెమరీ ప్రొఫైల్ ఆన్ చేసినప్పుడు కొన్ని బోర్డులు ఎస్‌ఓసీ వోల్టేజీని అవసరానికి మించి పెంచుతున్నాయని గుర్తించి, ఏఎండీ దాన్ని 1.3 వోల్టుల దగ్గర కట్టడి చేసే బయోస్ ఇప్పించింది. ఆ నాటి బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో కొంటే బయోస్ అప్‌డేట్ చేయకుండా ఎక్స్‌పో జోలికి వెళ్లకూడదు.

ప్రొఫైల్ పెట్టి విండోస్ లేవగానే పని అయిపోయిందనుకోకూడదు. లేవడం వేరు, తప్పుల్లేకుండా నడవడం వేరు. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక రాత్రంతా నడపాలి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఒప్పుకోకూడదు. వేగం ఒక మెట్టు తగ్గించి మళ్లీ చూడాలి, 6000 నుంచి 5600కి దిగితే రోజువారీ వాడకంలో తేడా తెలియదు. ర్యామ్‌లో తప్పులుంటే నీలి తెర రావడమే కాదు, డిస్క్ మీద దాచుకున్న ఫైళ్లు చెప్పాపెట్టకుండా పాడవుతాయి. పిల్లల ఫొటోలు, ప్రాజెక్ట్ రిపోర్టులు పోయాక వేగం ఎంతుంటే ఏం లాభం?

సెకండ్‌హ్యాండ్‌లో వెతికేవాళ్లకు మరో జాగ్రత్త. సర్వర్ల నుంచి తీసిన డీడీఆర్4 ఆర్‌డిమ్ స్టిక్‌లు చవగ్గా దొరుకుతాయి. వాటి పిన్నులు, గాటు మామూలు డీడీఆర్4 లాగే ఉంటాయి కాబట్టి స్లాట్‌లో చక్కగా కూర్చుంటాయి. మామూలు డెస్క్‌టాప్ బోర్డు మాత్రం వాటితో లేవదు. లేబుల్ మీద వేగం తర్వాత 3200ఏఏ-ఆర్ లాంటి ఆర్ అక్షరం కనబడితే పక్కన పెట్టేయాలి.

ఇంతా చేసి ఈ వేగం ఎవరికి అవసరం? ట్యాలీ, ఆఫీసు పనులు, ఆన్‌లైన్ క్లాసులు మాత్రమే అయితే 4800కీ 6000కీ తేడా కంటికి కనబడదు. అలాంటివాళ్లు ఆ డబ్బు పెద్ద ఎస్‌ఎస్‌డీ మీద పెట్టుకోవడం మేలు. రైజెన్ 7 7800ఎక్స్3డీ లాంటివి 96 ఎంబీ ఎల్3 క్యాష్‌తో వస్తాయి, అందుకే వాటికి ర్యామ్ వేగం మీద ఆధారపడటం తక్కువ. అసలు లాభం పొందేది గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ, 8600జీ లాంటి వాటితో ఆటలాడే విద్యార్థులే. వాటి లోపలి గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ర్యామ్‌నే పంచుకోవాలి. అక్కడ స్టిక్‌లు జంటగా వేస్తే, ప్రొఫైల్ ఆన్ చేస్తే ఆట నడిచే తీరే మారిపోతుంది. విచిత్రంగా తక్కువ బడ్జెట్ కొటేషన్లలోనే ఒంటి స్టిక్ ఎక్కువగా కనబడుతుంటుంది. ఇది మారాలి.

షాపుల వాళ్లకు ఒక విన్నపం. కొటేషన్‌లో ఊరికే 16 జీబీ ర్యామ్ అని రాసి వదిలేయకుండా, పూర్తి పార్ట్ నంబర్, ఆ ప్రాసెసర్‌తో ఆ బోర్డులో నడిచే వేగం రాసివ్వండి. సిస్టమ్ అప్పగించేముందు ప్రొఫైల్ ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో చూపించండి. కొనేవాళ్లు కూడా ఆ రెండూ అడిగి, చూసుకుని, ఆ తర్వాతే బిల్లు కట్టండి.